సావుకారి షట్టరు

ఏటే ఉషా, మొగుడూ నువ్వూ మనూర్లో ఇల్లు కట్టుకుని, కూరలు పండించుకుని, ఎవులితోనూ పన్లేకుండా బతుకుతారా? కూసో. ఈ పాట నానిదివరకే ఇన్నాను. శ్రీకాకుళంలో బంగారురాజని బియ్యం సావుకారుండీవోడు, పోయి ఏళ్ళయిపోనాది. రెండువేల పన్నెండులో ఓ తేదీ సెప్పి టీవీల్లో యుగాంతం యుగాంతమని అరిసీవోరు కాదేటి? ఆ గుబులుతో కొట్టు కొడుక్కిచ్చీసి, లోకం ములిగినా తనొక్కడూ బతికీ ఊరు కోసం జిల్లా అంతా తిరిగినాడు. శ్రీముఖలింగం కాడ "వంశధార పొంగితేనో?" అని వొదిలీసినాడట. అరసవల్లి కాడ "ఈ ఆటోల మోతలో యుగాంతమొచ్చినా వినబడదు" అన్నాడట. ఆకరికి మనూరొచ్చినాడు. సేపల ఊర్లోకి నీసు ముట్టని మడిసి! బస్తాలో గుచ్చి బియ్యం తీసీ ఇనప గొట్టముంతాది సూడు, అది మా పెరట్లో గుచ్చి, ఇసక అరిసేతిలో పోసి ఊది, వాసన సూసి "రెండో రకం" అన్నాడు. నూతి నీళ్ళు పుక్కిలించి "పరవాలేదు" అన్నాడు. "మడుసుల్ని సూడవా సావుకారూ?" అన్నాను. "మనుషులతో నాకేం పని గురమ్మా?" అన్నాడు. సరే, ఆ తేదీ వొచ్చినాది, ఎల్లిపోనాది. "ఏటి, లోకం ఇంకా ఉన్నాది?" అని నానడిగితే, "లోడు ఆలస్యమైందంతే, రాకుండా పోదు" అన్నాడు!

ఇక్కడే దిగిపోయి, ఒక గది కట్టి స్లాబేసి బియ్యం, పప్పు, ఉప్పు, అగ్గిపెట్టెలు నింపి, దానికేటి పెట్టినాడనుకున్నావు? కొట్టుకుండీ ఇనప షట్టరు! ఉప్పుగాలికి ఇనుమాగదయ్యా అని సెప్పినా ఇన్నాడా? బతుకంతా షట్టరెత్తి దించిన సెయ్యి, తలుపునెలా నమ్ముతాది? మనూరి కట్టు తెలుసు కదా, వల లాగినప్పుడు తాడు మీద సెయ్యేసిన పెతోడికీ సేపల్లో వాటా. అది సూసి "తాడు ముట్టినవాడికల్లా వాటానా? ఇలా అయితే వ్యాపారం మునుగుతుంది" అని ఎటకారమాడీవోడు. తరవాత హుద్‌హుద్ తుపానొచ్చినాది. కప్పులెగిరిపోనాయి, రోడ్డు తెగిపోనాది, ఊర్లో పొయ్యెలగనేదు. సావుకారి గది మట్టుకు రాయిలాగుంది. షట్టరు లెగదే! తుప్పట్టి, ఇసక దూరి, పైన కొబ్బరిసెట్టు పడి వొంగిపోనాది. బియ్యం లోపల, సావుకారి ఆకలి బయట. మా ఆయన అసిరయ్య వల తాడు తెచ్చి షట్టరుకి కట్టినాడు. "సావుకారూ, ఊరంతా సెయ్యెయ్యాల. కట్టు తెలుసు కదా?" అన్నాడు. ఆ మొకం సూడాల నువ్వు! ఆకరికి కడుపే మాటాడినాది: "లాగండి!" హైలెస్సా అని ముసిలీ ముతకా పిల్లా గుంటా అందరం లాగితే, షట్టరు ఊడొచ్చి ఇసకలో పడ్డాది.

ఆ బియ్యం వాటాలు పంచుతుంతే సావుకారు దూరంగా నిలబడి గొణుగుతన్నాడు. ఉన్నట్టుండి మద్దిలోకొచ్చి, తాడొరిసి ఎర్రబడ్డ అరిసేతులు సూపించి, "అసిరయ్యా, నేనూ లాగాను. నా వాటా ఏదీ?" అన్నాడు. తన బియ్యానికి తనే గిన్నె పట్టినాడే! మా ఆయన కొలిసి పోసినాడు. గిన్నెలోకి సూసి, "తక్కువ కొలిచావ్!" అన్నాడు. ఊరు ఊరంతా పొట్ట సెక్కలయ్యీలాగ నవ్వినాది.

అక్కడి నుంచి బతికున్నన్నాళ్ళూ పొద్దున్నే తాడు కాడికొచ్చీవోడు. సేప తినడు కదా, తన వాటా సేపలు నాకిచ్చి నా పెరట్లో వంకాయలట్టుకుపోయీవోడు, గీసి గీసి బేరమాడి మరీ. ఆయన పోయిన్నాడు పాడె మీద సెయ్యెయ్యని మడిసి లేడు ఈ ఊర్లో. అందులో ఎవులికేటి వాటా ఉంతాది సెప్పు...

...ఒసే, అలా సూత్తావేటి, పిల్లి వొచ్చినాది! ఆ సేపల బుట్ట మీద మూతెయ్యి, బేగి!