జక్కయ్య పడక సైకిలు

ఎల్లారావు గారూ, ఇటు రండి, ఈ బల్ల మీద కూర్చోండి. నేను కూర్చోలేను, ఇట్టా గోడకి వాలే ఉంటాను, ఏమీ అనుకోకండి. సన్యాసమ్మక్కా, షావుకారు గారికి టీ ఇవ్వు, పంచదార తక్కువెయ్యి. రేపటి నుంచి ఎవరికి ఏ లైనో మీరు ఈ సాయంత్రం చెప్తారని తెలిసే, కర్ర పట్టుకుని కాళ్ళీడ్చుకుంటా వచ్చి మజ్జానం నుంచీ ఇక్కడే కాపలా కాస్తున్నా. పామర్రు నుంచి బెజవాడ లైను నాదండి. పదకొండేళ్ళు మీ చేపల గంప కట్టుకుని సైకిలు తొక్కాను. చేపల గంప కండక్టరు బస్సెక్కనివ్వడు గాబట్టి సైకిలు తొక్కేవాడికే లైను, తొక్కలేనోడికి లేదు. అది మన పద్ధతి, నేను కాదనను. కిందటేడు డెబ్బై మూడు వేసంగిలో నేను గంపతో సహా కాలవగట్టు మీంచి దొర్లి నడుం విరగ్గొట్టుకుంటే, మీరు ఇన్నాళ్ళూ నా లైను ఎవరికీ ఇవ్వకుండా ఉంచారు. ఆ మేలు మర్చిపోను. ఇంకో నాలుగు రోజులు ఉంచమని అడగటానికి రాలేదండి. తొక్కగలనని చెప్పటానికి వచ్చా.

కూర్చుంటే నా నడుం ఒప్పుకోదు. పడుకుంటే ఒప్పుకుంటది. అట్టాంటప్పుడు పడుకుని తొక్కే సైకిలు ఎందుకుండకూడదు అని మంచం మీద ఆర్నెల్లు ఆలోచించి చేశానండి. పడక్కుర్చీ గుడ్డ తెచ్చి రెండు చక్రాల మధ్య సీటు కట్టా. పెడళ్ళు ముందు చక్రానికి పైన, పొట్టి చైను, అదీ ముందు చక్రానికే. లాగేదంతా ముందు చక్రమే. వెనకది ఊరికే వెంట వస్తది, పనేం చెయ్యదు, మన కొండలయ్య లాగా.

“నా ఊసెందుకు బావా?”

ఉన్నమాటే గదా కొండలయ్యా. గంప ఎక్కడ పెడతావని నువ్వే అడిగావు మొన్న. నా తల వెనకాల, వెనక చక్రం మీద. గంప నీళ్ళు కారినా రోడ్డు మీదే కారతయ్యి, మెడ మీద పడవు. అంతా లెక్క చూసే చేశా.

మొదట్లో ఏడిపించిందండి, దాచటం దేనికి. పెడళ్ళు ముందు చక్రంతో పాటే తిరుగుతయ్యి గదా, కుడికాలు గట్టిగా నొక్కితే బండి ఎడమకి పోద్ది, ఎడమకాలు నొక్కితే కుడికి పోద్ది. తాగినోడి నడక. దానికో కిటుకుంది. ఏ కాలు నొక్కుతున్నామో ఆ చేత్తోనే హ్యాండిలు మెల్లిగా వెనక్కి లాగి పట్టాలి. అందరికీ నెల పట్టుద్ది, నాకు ఒక్క పూటలో వచ్చేసింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయని పెడళ్ళ గొట్టం నాలుగు వేళ్ళ మందం ముందుకి జరిపా. చైను చాలకపోతే రెండు లంకెలు కలిపా. రెంచీ పట్టుకుని నట్లు బిగించింది మా ఆవిడ గంగారత్నమేలెండి, నేను వంగలేను గదా. పడుకుని చెప్తా ఉంటే అది బిగించేది. ఏ నట్టు ఎటు తిప్పాలో దానికిప్పుడు నాకంటే బాగా తెలుసు.

మొన్న మంగళవారం చల్లపల్లి దాకా వెళ్ళొచ్చానండి. అంతే, పెద్ద విశేషం కాదు. మధ్యలో మంచినీళ్ళకి ఒక్కసారి ఆగా. ఎదురుగాలి కొట్టింది గానీ నేను కింద పడుకుని పోతన్నా గదా, గాలి నా మీంచి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిరిగి పామర్రు వచ్చేసరికి కాళ్ళకి అలుపే లేదు. ఇంటికి పోయి చేసేదేముంది, మళ్ళీ మంచమే గదా. అట్నించి అటే బెజవాడకి తిప్పా.

ఉయ్యూరు దాటాక ఎర్రబస్సు తగిలింది. నేను పక్కనే పోతుంటే కిటికీల్లోంచి జనం కిందకి చూసి, ఎవడో పాపం రోడ్డు మీద పడ్డాడనుకుని బస్సు ఆపమని గోల. డ్రైవరు ఆపేలోగా నేను కంకిపాడు దాటేశా. ముందర ఎడ్లబండి అడ్డమొస్తే పక్కకి తిప్పలేదండి, నేరుగా దాని కిందనుంచి పోయా. ఎద్దులు బెదర్లేదు కూడా.

“బండి ఇరుసుకి తల తగల్లేదా బావా?”

తల పక్కకి వాల్చాను. పడక్కుర్చీ అంటే ఏమనుకున్నావు? బెజవాడలో రైలు గేటు వేసుంది. అటు లారీలు, ఇటు లారీలు. నేను గేటు కింద నుంచి దూరిపోయా. అటేపు చూస్తే గూడ్సు కదుల్తోంది. ఇప్పుడేం చెయ్యమంటారు? ఆగితే పడతా. పెట్టెకీ పెట్టెకీ మధ్య చక్రాల సందు చూసి, కుడికాలు నొక్కి, కుడిచేత్తో లాగి, దాని కిందనుంచి కూడా పోయా. చివరి పెట్టెలో గార్డు నన్ను చూసి పచ్చజెండా ఊపాడండి.

“గంప ఉందా జక్కయ్యా, అప్పుడు బండి మీద?”

లేకపోతే ఎందుకు పోతాను సన్యాసమ్మక్కా? ఉంది, నిండుగా ఉంది. గవర్నర్‌పేటలో మన చేపలు తీసుకునే హోటలు ముందు దించితే వంటాయన మూత తీశాడు. చల్లపల్లిలో ఎక్కించిన కొర్రమీనులు ఇంకా ఎగురుతున్నాయి. ఎంత వేగంగా తెచ్చానంటే తాము నీళ్ళలోంచి బయటికొచ్చామని వాటికింకా తెలియలేదు. అక్కడే పాత సామాను కొట్లో మూడు పళ్ళ చక్రాలు దొరికితే గేర్లుగా బిగించా. అసలు కథ తిరుగు ప్రయాణంలో ఉందండి. మీరు నవ్వుతారు, నవ్వండి.

మజ్జానం ఎండ. తారు కరిగి ఉంది. మూడో గేరు వేశా. ముందు చక్రం లాగిన లాగుడికి తారు చక్రానికి అంటుకుంది. తొక్కే కొద్దీ బందరు రోడ్డు లేచి చాపలాగా చక్రానికి చుట్టుకుంటోంది. నేను ఆపితే గదా. వెనక్కి చూస్తే బెజవాడ రెండు మైళ్ళు దగ్గరకొచ్చేసింది. కంకిపాడు వాళ్ళు తమ ఊరు ఎటు జరిగిందో తెలీక కాలవ గట్టున నిలబడి చూస్తున్నారు. పామర్రు చేరాక గేరు తీసి, చుట్టుకున్న రోడ్డంతా జాగ్రత్తగా పరిచేశానండి, మనకెందుకు గవర్నమెంటుతో గొడవ అని.

నవ్వుకున్నారుగా. ఇక నా మాట వినండి ఎల్లారావు గారూ. ఎనిమిది నెలల బట్టి గంగారత్నం ఊడ్పులకి పోయింది, కలుపుకి పోయింది. గట్టు మీద చేపలమ్మిన మనిషి, బురదలో నడుం వంచి కూలి చేసింది. సాయంత్రం వచ్చి నన్ను ఎత్తి పక్క మార్చాలి. నేను మంచం మీద పడి చూస్తా ఉండేవాణ్ణి. చచ్చిపోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో దానికి తెలీదు. ఆ సైకిలు ఒక్కటే నన్ను ఇంకా మగాడిగా ఉంచింది. రేపు నా గంప నాకివ్వండి. ఒక్క రోజు చూడండి. సగంలో పడితే ఇంక జన్మలో అడగను.

“జక్కయ్యా, మంగళవారం నువ్వు చల్లపల్లి వెళ్ళలేదు. మీ సందు చివర తూము కూడా దాటలేదు. తూము మీద పడ్డావు. గంగారత్నం నిన్ను వీపున వేసుకుని ఇంటికి మోసుకెళ్ళింది. నేను గట్టు మీద నిలబడి చూశాను.”

అది... అక్కడ కిటుకు ఒక్కసారి తప్పిందండి ఎల్లారావు గారూ. కుడికాలు నొక్కి ఎడమచేత్తో లాగాను. అంత మాత్రానికి బండిదేం తప్పు? రేపు తప్పదు. ఇంటి గోడకి ఆనించుంది, పదండి, మీ కళ్ళ ముందే ఎక్కుతా.

“బండి ఇక లేదయ్యా. నువ్విక్కడికి వచ్చాక ఆవిడ ముందు చక్రం విప్పి నా పాకకి తెచ్చింది. నీకు తిరిగి ఇవ్వొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇంకోసారి పడితే మనిషి దక్కడని ఏడ్చింది. బెజవాడ లైను కొండలయ్యకి ఇచ్చేశాను. ఆవిడ నెత్తిగంప ఇమ్మంటే ఇచ్చాను. రేపటి నుంచి కూచిపూడి దాకా నడిచి ఊళ్ళమ్మట అమ్ముకుంటుంది.”

ముందు చక్రమాండీ. దాంతో పాటే పెడళ్ళూ చైనూ వచ్చేస్తయ్యి. అయితే ఇంకేం మిగల్లేదన్నమాట.

అన్నం పెట్టి, షావుకారు గారు టీ కొట్టుకి వస్తారు, పోయి మాట్లాడుకో అని అదే నన్ను పంపిందండి. కర్ర కూడా అదే చేతికిచ్చింది. రెండే నట్లు. విప్పటం నేనే నేర్పా.

కొండలయ్యా, నీకు తెలుసా? నేను ఇందాకట్నుంచి చెప్తుంటే, తెలిసే వింటున్నావా?

“తెలుసు బావా.”

సన్యాసమ్మక్కా, నీకూ తెలుసా. సరేలే. గ్లాసు తీసెయ్యి, ఇంక తాగను.

ఎల్లారావు గారూ, గంప ఎంతది ఇచ్చారండీ?

“నిండు గంపే. ఆవిడే అడిగింది.”

సగం ఇవ్వండి. దానికి మెడ నొప్పండి. ఎడంపక్కకి తల తిరగదు, ఎవరన్నా పిలిస్తే మనిషి మొత్తం తిరుగుద్ది. ఎనిమిది నెలలు నన్నెత్తి ఎత్తి వచ్చిన నొప్పి. ఎవరికీ చెప్పదు, మీకూ చెప్పి ఉండదు. నిండు గంప నెత్తిన పెడితే కూచిపూడి చేరదు. నేనడిగానని చెప్పకండి, చేపలు తక్కువ పడ్డాయని చెప్పి సగమే పెట్టండి.

అట్టా చూడకండి. ఇది కోతలు కొయ్యటం కాదండి.