ఎర్రదారం కుట్టు

కంప్యూటరు మాస్టారు గ్లాసులో టీ సగానికి దిగేదాకా అబద్ధం ఆడడు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. అందుకే టీకొట్టావిడ ఆయన గ్లాసు అంచుదాకా పోసి, కళ్ళు దానిమీదే పెట్టుకుని కూర్చుంది. ఈ పూట ఆవిడకి కావలసింది మొదటి సగమే.

ఎదురుగా హైస్కూలు. సాయంత్రం గంట కొట్టేశారు, గేటు సగం మూసేశారు. ఆవిడ కూతురు తొమ్మిదో తరగతికి వచ్చింది. కుట్టుపని క్లాసా, వ్యాపారమూ కంప్యూటరూ కలిపి చెప్పే క్లాసా, ఏదో ఒకటి రేపు పొద్దున్న బళ్ళో చెప్పేయాలి. ఒకసారి చెప్పాక రెండేళ్ళు మార్చరు. పిల్ల కంప్యూటరు అంటోంది. ఆవిడ తమ్ముడు దర్జీ, కొట్టు పక్కనే వాడి మిషను, వాడేమో కుట్టుపని అంటాడు. మేనకోడలు పని నేర్చుకుని తన పక్కన కూర్చుంటే తనకి చేదోడు, దానికి చేతిలో విద్య అని వాడి వాదన. ఇద్దరి మాటా కాదనలేక ఆవిడ వారం రోజులుగా పొయ్యి మీద పాలు పొంగిపోనిస్తోంది.

"మాస్టారూ, అసలు మీ క్లాసులో ఏం నేర్పుతారండీ?" అంది.

మాస్టారు బెంచీ మీద కాస్త వెనక్కి జరిగాడు. ఆయన పక్కనున్న కటింగ్ షాపు పెద్దాయన ముందుకు జరిగాడు. దర్జీ మాత్రం ఒళ్ళో చొక్కా పెట్టుకుని గుండీ కుడుతూనే ఉన్నాడు.

"పెద్ద విశేషం ఏం లేదమ్మా. రెండేళ్ళ కింద ఒక కుర్రాడున్నాడు, వెనక బెంచీ. ఒక్క వేలితో, కోడి గింజలు ఏరుకున్నట్టు అక్షరాలు కొట్టేవాడు. నేను పక్కన కూర్చుని పది వేళ్ళూ వాడడం నేర్పా. నెల తిరిగేసరికి చూడకుండా కొట్టాడు. అంతే."

నమ్మదగ్గ మాటే. ఆవిడ తల ఊపింది. గ్లాసు ఇంకా ముప్పాతిక ఉంది.

"చూడకుండానే?" అన్నాడు కటింగ్ షాపు పెద్దాయన. ఆయనకి అదో సరదా. ఎండుగడ్డి కనిపిస్తే అగ్గిపుల్ల గీస్తాడు.

"చూడకుండానే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాణ్ణి చూసి క్లాసు క్లాసంతా అందుకుంది. అంతమందీ ఒక్కసారి కొట్టడం మొదలెడితే ఆ వేళ్ళ గాలికి ఇంక ఫ్యానెందుకు, ఆపేశాం. అవతల గదిలో పెద్ద టీచరమ్మగారి బల్ల మీద కాగితాలు ఎగిరిపోతుంటే ఆవిడ పరిగెత్తుకొచ్చి, 'మాస్టారూ, మీకు దణ్ణం పెడతా, కాస్త మెల్లిగా కొట్టించండి, నా జడ విడిపోతోంది' అన్నారు."

టీకొట్టావిడ గ్లాసు వంక చూసింది. సగానికి దిగిపోయింది.

"కంప్యూటరు సంగతి సరే. మరి వ్యాపారం?" అంది, ఆశ చావక.

"వ్యాపారానికి నా పద్ధతి వేరమ్మా. పుస్తకం ముట్టుకోను. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు ముక్క ఒకటి చేతిలో పెట్టి, దీన్ని అమ్ముకు రండర్రా అన్నా. నా శిష్యులు అమ్మారనుకున్నావా? అద్దెకిచ్చారు! తప్పు రాసినవాడు తప్పుకింత అని ఇచ్చుకోవాలి. అద్దె భయానికి పదిరోజుల్లో బడి మొత్తంలో తప్పు రాసేవాడే లేకుండా పోయాడు. తెలుగు మాస్టారు దిద్దడానికేమీ లేక కిటికీలో కూర్చుని కునుకు తీసేవాడు, పాపం."

"మరి బేరం పడిపోయినట్టే కదా?" అంది టీకొట్టావిడ.

"అదీ, అలా అడుగు! పడిపోయింది. వీళ్ళు ఊరుకుంటారా? ఊళ్ళో ఆఫీసుల మీద పడ్డారు. అక్కడ తప్పులకి కరువా? రబ్బరు అరిగిపోయింది గానీ తప్పులు తరగలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకనాడు పొద్దున్న బ్యాంకు మేనేజరు వచ్చి మా క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాడు. ఏంటయ్యా అంటే, 'మాస్టారూ, మా బ్యాంకులో డబ్బుంది గానీ తెలివి లేదు, కాస్త అప్పివ్వండి' అన్నాడు."

"ఇచ్చారా?" అన్నాడు కటింగ్ షాపు పెద్దాయన.

"హోంవర్కు తెస్తే ఇస్తానన్నా. తేలేదు. బెంచీ ఎక్కించా."

కటింగ్ షాపు పెద్దాయన నవ్వి నవ్వి భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. టీకొట్టావిడకీ నవ్వొచ్చింది గానీ, పైకి రాకముందే ఆరిపోయింది. నవ్వుకుని ఇంటికి పోయేవాళ్ళకి కోతలు బాగానే ఉంటాయి. రేపు పొద్దున్న పిల్ల గడపలో నిలబడి, "అమ్మా, ఏం చెప్పను?" అంటే ఈ కోతలు పనికొస్తాయా?

"మాస్టారూ, సరదాకి కాదండీ," అంది గ్లాసులు పక్కకి నెట్టి. "మా పిల్ల సంగతి. రెండేళ్ళ చదువు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ దగ్గర చేరితే దాని చేతికి పని వస్తుందా?"

మాస్టారు గ్లాసు ఎత్తాడు, తాగకుండానే దించాడు. ఏదో మామూలు మాట ఒకటి ఆయన గొంతుదాకా వచ్చినట్టే ఉంది. ఇంతలో కటింగ్ షాపు పెద్దాయన "చెప్పండి మాస్టారూ, ఆ తర్వాత?" అన్నాడు. ఆ మామూలు మాట వచ్చిన దారినే వెనక్కి పోయింది.

"పనా? పని ఏంటమ్మా! సముద్రాల అవతల ఒక దేశం లెక్కలు మొత్తం తప్పిపోయాయి. ఎంత జనమున్నారో తెలీదు, ఎన్ని ఊళ్ళున్నాయో తెలీదు, రాజుగారికి రాణిగారు ఒక్కరో ఇద్దరో కూడా తేలక అంతఃపురంలో తగూలు. మా బడికి కబురొచ్చింది. నా పిల్లలు కూర్చున్నారు. భోజనం గంట కొట్టేలోపల ఊళ్ళు తేల్చారు, జనాన్ని తేల్చారు..."

"రాణుల్ని?"

"మనకెందుకని అది వదిలేశాం. ఆ రాజు కృతజ్ఞత చెప్పడానికి హెలికాప్టరేసుకుని వచ్చాడు. దిగడానికి చోటేదీ? మా పిల్లలు గాలి ఎటు, బరువెంత అని లెక్కగట్టి, హెలికాప్టరుని బడి డాబా మీద నీళ్ళ ట్యాంకు మూత పైన ఒంటికాలి మీద నిలబెట్టారు, కొంగలాగ. అదీ కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిల్లల్ని చూసి చూసి కంప్యూటర్లకే చదువొచ్చేసింది. మూలనున్నది ఒకటి పరీక్ష కూడా రాసింది. ఫస్టొచ్చింది. పిల్లలు అలిగితే దానికి నచ్చజెప్పి సెకండు చేశా. దానికి నామీద అంత గౌరవం. ఎందుకుండదు? వాటిని నేను కళ్ళలో పెట్టుకుని చూసుకుంటా. నా కంప్యూటర్ల మీద దుమ్ము వాలాలన్నా నన్నడిగి వాలాలి!"

దర్జీ గుండీ కుట్టడం పూర్తిచేసి, దారం పళ్ళతో తెంపాడు.

"దుమ్ము వాలదు మాస్టారూ," అన్నాడు. "ఎలా వాలుతుంది? వాటికి గుడ్డ కవర్లు కుట్టింది నేనే కదా."

"అవునవును, వీడే కుట్టాడు. మంచి పనివాడు."

"పోయినేడు బడి తెరిచే ముందు మీరే పిలిపించారు. కవరు తొడిగాక, 'అడుగు కూడా మూసి కుట్టెయ్యరా, చీమ దూరకూడదు' అన్నారు. నీలం దారం అయిపోతే ఎర్రదారంతో కుట్టా. కరెంటు తీగలు కూడా చుట్టి లోపలే పెట్టించారు. బస్తా మూతి కుట్టినట్టు కుట్టా, అన్నిటికీ."

"ఆఁ, అయితే?"

"అయితే ఏం లేదు. నిన్న పిల్లల యూనిఫాం కొలతలకి బళ్ళోకి వెళ్ళా. కిటికీలోంచి మీ గది కనిపించింది. ఎర్రదారం ఎక్కడా తెగలేదు. నా కుట్టు నేను గుర్తుపట్టనా?"

పొయ్యి మీద పాలు కుతకుతమన్నాయి. అగ్గిపుల్లలు గీసే పెద్దాయన తువ్వాలు మడత పెట్టుకున్నాడు.

మాస్టారు గ్లాసు అడుగున మిగిలిన టీని అటూ ఇటూ తిప్పాడు. "పాడైతే జవాబు ఎవరు చెప్పుకోవాలి? నీదే పూచీ అన్నారు పైవాళ్ళు," అని గొణిగాడు. అంతలోనే తల ఎత్తాడు. "అయినా అదేరా నేను చెప్పేది! కవరు విప్పకుండా, పైనించే కొట్టారు నా పిల్లలు! కరెంటు కూడా లేకుండా! అదీ చదువంటే!"

ఈసారి టీకొట్టావిడ నవ్వింది, ఆరిపోకుండా. నవ్వుతూనే పాలగిన్నె దించి, తమ్ముడి వైపు చెయ్యి చాపింది.

"ఒరేయ్, నీ కత్తెర ఇలా ఇవ్వు."

"ఎందుకే అక్కా? ఇంకేం, ఆ క్లాసు సంగతి తేలిపోయిందిగా. పిల్లని కుట్టుపనికి..."

"కుట్టేయడం వల్లే కదురా ఇంత వచ్చింది! నీ కొట్టు పక్కనే ఉంది, సెలవుల్లో వచ్చి నేర్చుకుంటుంది. ఆ గదిలోకి వెళ్ళాలని అది ఏడాది నుంచీ ఆ కిటికీకి అతుక్కుని చూస్తోంది. ఇవ్వు."

వాడు మొహం ముడుచుకున్నాడు. కాసేపు కత్తెరని చొక్కా కింద దాచినట్టే దాచి, ఆఖరికి ఇచ్చాడు. ఆవిడ దాన్ని మాస్టారి గ్లాసు పక్కన పెట్టింది.

"మా పిల్ల రేపు మీ క్లాసులోనే చేరుతుంది మాస్టారూ. రాజులూ హెలికాప్టర్లూ వద్దు. ఆ వెనక బెంచీ కుర్రాడికి నేర్పానన్నారే, పక్కన కూర్చుని, అది నేర్పండి చాలు. రేపు గంట కొట్టేసరికి ఎర్రదారం ఒక్క పోగు కనిపించకూడదు. పిల్లని దింపడానికి నేనే వస్తా, కళ్ళారా చూస్తా. పాడైతే టీకొట్టావిడే ముట్టుకోమందని నా పేరు చెప్పుకోండి."

మాస్టారు కత్తెర తీసుకున్నాడు. దాని బరువు చూశాడు, బొటనవేలితో పదును చూశాడు. లేచి, రోడ్డు దాటి, సగం మూసిన గేటు దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు.

"కత్తెరంటే గుర్తొచ్చింది," అని అక్కణ్ణించే కేకేశాడు. "ఒకసారి ఇలాంటి కత్తెరతోనే నేను..."

"కోసొచ్చాక చెప్పండి," అంది టీకొట్టావిడ. "టీ నిండా పోసి ఉంచుతా."