ఆయ్ అన్నానండి

"అయితే చూడకుండానే గీసినావు. అంతే కదమ్మా?"

"ఆయ్... అంటే అండీ..."

"అంటే లేదు, గింటే లేదు. ఒప్పుకున్నావు, అయిపోయింది. సూర్యప్రకాష్ గారూ, మీరూ విన్నారు కదా?"

"విన్నానండీ. శుభ్రంగా విన్నాను."

మార్చి నెల, పొద్దు వాలింది. అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీ ఖగోళశాస్త్రం ల్యాబులో పరీక్ష ఆఖరికొచ్చింది. బల్లకి అవతల అనంతపురం నుంచి వచ్చిన ఎగ్జామినరు చెన్నకేశవులు, ఆయన పక్కన ల్యాబు లెక్చరరు సూర్యప్రకాష్ కూర్చున్నారు. ఇవతల ఆఖరి నంబరు అమ్మాయి రూతు నిలబడి ఉంది. తన గురించి తన ఎదురుగానే ఇద్దరు పెద్దమనుషులూ తేల్చేసుకుంటుంటే ఆ పిల్ల బల్ల మీద తెరిచి ఉన్న తన నెలవంక బొమ్మల రికార్డు వంకే చూస్తోంది.

"పరిశోధనా నైపుణ్యం కింద ఎంత వెయ్యమంటారండీ సార్?"

"ఇరవైకి సున్నా. పక్కన కాపీ అని కూడా రాయాల. ఈ ఇరవై మార్కులూ కొత్తగా ఎందుకు పెట్టినారు? పిల్లోళ్ళు సొంతంగా ఆకాశం చూస్తారని. చూడనిది చూసినట్టు రాస్తే అది దొంగతనం కాదామ్మా?"

"ఆయ్."

"చూడండి, మళ్ళీ ఒప్పుకుంటా ఉంది. పాపం, మంచి పిల్లే."

"సార్, కాపీ అని రాస్తే ఈ పేపరు పోద్దాండి?"

"పేపరేంది, ఏడాదే పోతుంది."

"అయ్యబాబోయ్. మలికిపురం కాన్వెంటులో జూన్ నుంచి టీచరుగా రమ్మన్నారండి. డిగ్రీ పాసైతేనే అన్నారండి."

"ఆ భయం గీసేటప్పుడు ఉండాల."

"రూతూ, సార్ని విసిగించకు. చీకటి పడితే గోదారి దాటించే పంటు దొరకదు నీకు. వెళ్ళు, వెళ్ళు."

"వెళ్తానండి. ఒక్క మాట చెప్పి వెళ్తానండి. నేను చూసే గీసేనండి."

"ఇప్పుడే కదా చూడలేదని ఒప్పుకుంటివి!"

"ఎప్పుడండీ?"

"ఎప్పుడేంది! నేనడిగితిని, నువ్వు ఆయ్ అంటివి."

"ఆయ్ అన్నానండి."

"మరి?"

"ఆయ్ అన్నానండి. ఒప్పుకోలేదండి."

"నాతో పరాచికాలా?"

"అమ్మమ్మ, ఎంత మాటండి! మీరు చెప్తున్నారు కదండీ, నేను వింటున్నానని అండి. పెద్దవారు మాటాడుతుంటే రాయిలా నిలబడితే ఏం బాగుంటుందండి? అందుకని ఆయ్ అన్నానండి."

"సూర్యప్రకాష్ గారూ, ఏందిది? మా పక్క ఈ మాటే లేదు."

"వట్టి బుకాయింపండీ. మార్కులు పోతున్నాయనేసరికి కొత్త అర్థాలు పుట్టుకొస్తున్నాయి. ఆయ్ అంటే అవుననే. ఈ జిల్లాలో ఎవర్ని అడిగినా చెప్తారు."

"సార్... మీరు కూడా అలాగంటే ఎలాగండీ?"

"నువ్వు ఊరుకో."

"ఆయ్."

"ఉండండి, ఉండండి. మాట సంగతి తరవాత. బొమ్మ సంగతి చెప్పమ్మా. మీ క్లాసులో అందరూ నెలవంకని నిలబెట్టి గీసినారు. పుస్తకంలోనూ నిలబడే ఉంది. నీది ఒక్కటే వెల్లకిలా పడుకుందేంది?"

"పడుకునే ఉంటాడండి."

"ఎక్కడ?"

"బోడసకుర్రు రేవులోనండి. కాలేజీ అయ్యేక పంటెక్కి గోదారి దాటి వెళ్తానండి. పంటు పడమటికే పోద్దండి, చంద్రుడు ఎదురుగానే ఉంటాడండి. మేం నీళ్ళ మీద పడవలో, ఆయన పైన పడవలా..."

"కవిత్వం వద్దు. ఒక్కరోజు చూసి గీసినావా?"

"లేదండి. అమావాస్య వెళ్ళిన ప్రతిసారీ చూసేనండి. వినాయకచవితి రోజూ చూసేనండి. చవితి చంద్రుణ్ణి చూస్తే నిందలొస్తాయని మా స్నేహితురాళ్ళు కళ్ళు మూసుకున్నారండి. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం కదండీ, నేను చూసేసేనండి."

"నింద రానే వచ్చింది కదమ్మా."

"ఆయ్. ఇది మాత్రం అవుననేనండి."

"హు. అప్పుడెట్లున్నాడు?"

"అప్పుడు పక్కకి బాగా ఒరిగి ఉన్నాడండి. రానురాను వాలిపోయి ఇప్పుడు పూర్తిగా పడుకున్నాడండి. ఎందుకలా మారతాడా అని బొమ్మ కింద ప్రశ్న కూడా రాసుకున్నానండి."

"ప్రశ్నా? ఏదీ... ఇక్కడ ఎర్రసిరాతో కొట్టేసి ఉందే."

"రాసింది నేనండి. కొట్టింది సారండి."

"సిలబస్లో లేదండీ, అందుకని కొట్టేను. ఆ పిల్లకి పని తక్కువ, ప్రశ్నలెక్కువ."

"సరే. ఇక్కడేంది, 'మబ్బు, కనపడలేదు' అని రాసినావు?"

"మబ్బేసిందండి. కనపళ్ళేదండి."

"అదే రోజు మిగతా వాళ్ళందరూ బ్రహ్మాండంగా గీసినారే!"

"వాళ్ళ సంగతి నేను చెప్పకూడదండి."

"సూర్యప్రకాష్ గారూ?"

"మబ్బు కదండీ... ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. ఎవరి అదృష్టం వాళ్ళది."

"అందరికీ అదృష్టమే, ఈ పిల్లకే లేదా?"

"సార్, ఆ పడమటి కిటికీ తియ్యమంటారా అండి?"

"ఎందుకు?"

"ఇవాళ తదియండి."

"వద్దొద్దు! దోమలొచ్చి పడిపోతాయి. ఈ వేళప్పుడు కిటికీ తీస్తే కూచోలేమండీ సార్, మీకు తెలీదు మా కోనసీమ దోమల సంగతి."

"కుట్టనీండి."

"చెక్క ఉబ్బిపోయిందండీ, రాదది. ఎన్నాళ్ళయిందో తీసి."

"వచ్చేసిందండీ."

రూతు కిటికీ రెక్కలు బార్లా తీసింది. బయట ఒక్క మబ్బు తునక అడ్డొచ్చినా తన బతుకు అంతే. చెన్నకేశవులు కుర్చీ వెనక్కి నెట్టి లేచి కిటికీ దగ్గరికి నడిచాడు.

"ఎక్కడమ్మా?"

"కొబ్బరాకులు అడ్డమండి. ఇటు జరగండి. ఇంకొంచెం... ఆ, అక్కడండి."

చెన్నకేశవులు కిటికీ ఊచలు పట్టుకుని మెడ చాచాడు.

"సార్? కనపడ్డాడాండి?"

"ఉండమ్మా. చూడనీ."

"ఆయ్."

"పడవే. అచ్చం పడవే."

"ఆయ్!"

"ఆ పుస్తకం రాసినోళ్ళు చలిదేశం వాళ్ళు. వాళ్ళకి నిలబడి కనపడ్డాడు, అట్ల గీసుకున్నారు. మనం దాన్ని చూసి గీసుకుంటా కూర్చున్నాం. నేనూ బోర్డు మీద ఇన్నేళ్ళూ అదే గీస్తిని కదమ్మా. నాకే సిగ్గుగా ఉంది."

"అలా అనకండి సార్. మీరు చూసేరు కదండీ."

"కళ్ళు తుడుచుకో. నీ మార్కులకి నాది పూచీ, కాన్వెంటుకి పోదువులే. సూర్యప్రకాష్ గారూ, ఇట్ల రండి. మీదే ఊరు?"

"అంబాజీపేటండి."

"పుట్టిందీ పెరిగిందీ?"

"అక్కడేనండి."

"ఆయ్ అంటే అవుననే అంటిరి."

"అంటే అండీ... ఒక్కోసారి ఒక్కోలా..."

"ఈ పిల్ల ఒప్పుకోలేదని మీకు తెలుసు. పరాయి వాణ్ణి, నాకు తెలీదు. మీకు తెలిసీ నాచేత సున్నా వేయించబోతిరి!"

"ఆ పిల్ల మీద నాకేం కక్షండీ..."

"నువ్వు చెప్పమ్మా, ఏం కక్ష?"

"నాకు తెలీదండి."

"భయపడొద్దు, చెప్పు."

"క్లాసులో ఓసారి అడిగేనండి. పుస్తకంలో నిలబడున్నాడు, మన దగ్గర పడుకునుంటాడేంటండీ అని. అందరూ నవ్వేరండి. నన్ను చూసి కాదండి."

"సారేమన్నారు?"

"పుస్తకం కంటే నీకెక్కువ తెలుసా, కూర్చో అన్నారండి. అప్పుడు కూడా ఆయ్ అన్నానండి."

"సార్, పొద్దుపోయింది, మీ బస్సు..."

"నా బస్సు పోనీండి. ఒక్కటే అడుగుతాను, చెప్పండి. ఇంతమంది గీసిన బొమ్మల కింద సరిచూశానని సంతకం పెట్టినారు. ఒక్క సాయంత్రమన్నా తలెత్తి ఆ చంద్రుణ్ణి చూసినారా మీరు?"

"ఆయ్."