సగం మెట్ల మీద

పంజాగుట్టలో డాక్టరుకు చూపించుకుని ఇంటికి వస్తూ, డౌన్ సిండ్రోమ్ ఉన్న కూతురి వెంట అమీర్‌పేట మెట్రో మెట్లెక్కుతున్న తల్లి సగంలోనే చతికిలబడింది.

"లే మమ్మీ. మెట్లెక్కితేనే కండలు గట్టిపడ్తయని డాక్టర్ సార్ చెప్పిండు గద."

"నీకు చెప్పిండే, నాకు గాదు."

"రోజూ నన్ను బద్ధకం పిల్ల అంటవ్."

"ఇగ అనను బిడ్డా. నీ కండలల్ల శక్తి తక్కువ పుడ్తదట, అందుకే జల్ది అలసిపోతవట. ఇన్నేండ్లు నాకెవరు చెప్పిన్రు?"

"మరి నీకేమైంది?"

తల్లి ఆలోచించింది. ఆ ముఖం చూస్తూ అబద్ధమాడబుద్ధి కాలేదు.

"నాదే బద్ధకం."

కూతురు పకపకా నవ్వి చెయ్యందించింది.

"ఫికర్ చెయ్యకు మమ్మీ. డాడీకి చెప్పనులే."