చిరునామా ముందు, పేరు తర్వాత

పంతొమ్మిది వందల తొంభై రెండు జూలై ఆరో తేదీ, సోమవారం ఉదయం, ఒక చేతిలో నియామక పత్రం, మరో చేతిలో ఏదో గడ్డిపరకతో మన ఉద్యానవన కార్యాలయంలో అడుగుపెట్టిన ఇరవై ఆరేళ్ల యువతి, హాజరుపట్టీలో సంతకం పెట్టకముందే, "ఇదేం గడ్డి అండీ, గేటు పక్కన మొలిచింది?" అని పెద్ద గుమస్తాను అడిగారట. ఆయన కళ్లజోడు సవరించుకుని, "అది కనుక్కోవడానికే కదమ్మా నిన్ను వేసుకున్నది" అన్నారట. ఆ మాటను ఆజ్ఞగా శిరసావహించి ముప్పై మూడేళ్లు సేవలందించి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మన మొక్కల గుర్తింపు విభాగాధిపతిని ఊరంతా 'ఆకుల మేడమ్' అంటుంది. ఈ వ్యాసంలోనూ ఆ బిరుదే ఉంచుదాం.

తొలి ఏడాది ఆమె పని, ఎండబెట్టిన మొక్కలను అట్టల మీద అంటించి వివరాలు రాయడం. రెండో ఏడు ఉత్తరపు వరండాలోని కిటికీ ఆమెకు అప్పగించారు. పెరట్లోనో బాటపక్కనో పేరు తెలియని మొక్క కనబడితే ఎవరైనా తెచ్చి చూపించుకునే కిటికీ అది. ఒక పళ్లెం, ఒక భూతద్దం, ఒక స్టూలు. సరంజామా అంతే.

అక్కడ చేరిన మూడో వారంలో, ఒక పెద్దాయన వేళ్లతో సహా పీకిన మొక్కల కట్టను కాగితంలో చుట్టి తెచ్చారు.

"పెరట్లో వాటంతటవే మొలిచాయమ్మా. తోటకూరేనా?"

పైనున్న రెండు మొక్కలు తిప్పి చూసి, "నిక్షేపంలాంటి తోటకూరండీ" అన్నారు మేడమ్.

"అయితే ఈ పూట ఇదే" అంటూ ఆయన హుషారుగా వెళ్లిపోయారు.

పళ్లెం తుడవబోతే అడుగున విరిగిన ఆకు ఒకటి మిగిలింది. నలిపి వాసన చూస్తే తోటకూర వాసన కాదు. అది ఉమ్మెత్త. పువ్వు రాని లేత మొక్క తోటకూరలో కలిసిపోయింది. తింటే ప్రాణం మీదికి వస్తుంది. వచ్చినాయన పేరు అడగలేదు, ఊరూ వాడా తెలియదు. పళ్లెంలో ఉన్నది వేళ్ల నుంచి రాలిన మట్టి మాత్రమే. ఆ మట్టిని భూతద్దం కింద పెడితే అందులో సన్నని రంపపు పొట్టు కనిపించింది. పెరటి మట్టిలో రంపపు పొట్టు పడాలంటే అది కలప అడితి వెనక వీధులే కావాలి.

కిటికీ మూయడం కూడా మరచి ఆమె పరుగెత్తారు. ఒక్కొక్క ప్రహరీ మీదుగా తొంగిచూస్తూ పోతుంటే, "ఏం కావాలమ్మాయ్, మా గోడల లెక్క రాస్తున్నావా?" అని ఒకావిడ నిలదీసింది. మూడో వీధి చివరింటి పెరట్లో తోటకూర మధ్య ఉమ్మెత్త తలెత్తి కనిపించింది. లోపలికి పరుగెత్తితే, వంటింట్లో తరిగిన ఆకు పళ్లెంలో ఉంది, పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.

"అమ్మా, అది వేయకండి. పొద్దున మీవారికి తోటకూరని చెప్పింది నేనే. తప్పు చెప్పాను. అందులో విషపు మొక్క ఉంది."

ఇల్లాలు గరిటె పక్కన పెట్టి ఆమెను ఎగాదిగా చూసింది. "ఆఫీసువాళ్లు ఇంటికొచ్చి తప్పు చెప్పామనడం నా జన్మలో చూళ్లేదు. ముందు కూచో, మంచినీళ్లు తాగు."

"నే చెప్పలా, వాసన తేడాగా ఉందని?" అన్నారు పెద్దాయన.

"మీరు రోజూ నా వంటను అనే మాటే కదా అది. నాకేం తెలుస్తుంది?"

ఆ సాయంత్రమే మేడమ్ కొత్త రిజిస్టరు తెరిచి మొదటి గడి చిరునామాకు కేటాయించారు. 'చిరునామా ముందు, పేరు తర్వాత' అన్న అట్ట నాటి నుంచీ కిటికీకి వేలాడుతోంది. తొలి నమోదు ఆమె స్వహస్తంతోనే ఉంది: 'నేను చెప్పినది తోటకూర. ఉన్నవి తోటకూర, ఉమ్మెత్త. తప్పు నాది.' విభాగంలో కొత్తగా చేరినవారు మొదటి రోజు చదవవలసిన పాఠం ఆ ఒక్క పుటే.

కాలక్రమంలో ఆమె విభాగాధిపతి అయ్యారు. కిటికీ మాత్రం వదలలేదు. ఫోన్లు మొక్కల పేర్లు చెప్పే రోజులొచ్చాక కూడా, "దానికి వాసన తెలీదు నాయనా, ఆకు పట్టుకురా" అనేవారు. భార్యను పోగొట్టుకున్న తోటి ఉద్యోగి ఒకరు, ఆవిడ పెంచిన గులాబీ కుండీలో దానంతటదే మొలిచిన మొక్క కొమ్మను తెచ్చి, ఆవిడ గుర్తేమోనని ఆశగా చూపినప్పుడు ఆమె అబద్ధం చెప్పలేదు. "పిచ్చిమొక్కేనండీ. కానీ చలికాలంలో నీలంగా పూస్తుంది. పీకకండి" అన్నారు. అది ఏటా పూస్తోంది.

గత వారం జరిగిన సంగతితో ముగిస్తాను. మేడమ్ తమ డాబా మీది కుండీ ఒకటి భర్తచేత మోయించుకుని వచ్చి, కిటికీకి అవతల, వరుసలో నిలబడ్డారు. రెండేళ్లుగా పెరుగుతున్నా ఆమెకే అంతుచిక్కని మొక్క అది. ఆమె స్థానంలోకి వస్తున్న శిష్యురాలు నవ్వకుండా, "చిరునామా ముందు మేడమ్" అంది. రాశారు. ఆ అమ్మాయి ఆకు తిప్పి చూసింది, నలిపి వాసన చూసింది, భూతద్దం పెట్టింది.

"పెద్ద చెట్టయ్యే జాతి. పువ్వు చూడందే పేరు చెప్పను. ముందు నేలలో నాటండి, పూశాక రండి."

"ఎన్నాళ్లకు పూస్తుందంటావ్?"

"ఇరవై, పాతికేళ్లు పట్టొచ్చు."

"అంటే పాతికేళ్లూ నీళ్లు పోయడం నా వంతన్నమాట" అని భర్త నిట్టూర్చారు. మేడమ్ అట్టకేసి ఒకసారి, శిష్యురాలికేసి ఒకసారి చూసి, "సరిగ్గా చెప్పావ్" అన్నారు.

రిజిస్టరులో ఆ వరుసన చిరునామా ఉంది, పేరు గడి ఖాళీగా ఉంది. దానిని అలాగే ఉంచుతున్నాం. ఆకుల మేడమ్ సంపూర్ణ ఆరోగ్యంతో, భర్తతో, పిల్లాపాపలతో ఆనందంగా ఉండి, ఆ చెట్టు పూసిన నాడు మొదటి పువ్వును తామే స్వయంగా పట్టుకుని ఈ వరండా మెట్లెక్కాలని, ఆ గడిని తమ చేతితోనే నింపాలని విభాగమంతా మనసారా కోరుకుంటున్నది. స్టూలు అక్కడే ఉంటుంది.