టూసాన్‌లో వాన పండగ

అరిజోనా ఎడారిలో ఉన్న టూసాన్‌లో 1983 జూన్ చివర, వానలు పడాలని మెక్సికన్లు తమ పునీతుడు శాన్ హువాన్ విగ్రహాన్ని ఊరేగిస్తున్నారు. తెలుగు భార్యాభర్తలిద్దరు చెట్టు నీడన నిలబడి చూస్తున్నారు.

"మా ఊళ్లో కప్పతల్లి ఆడేవాళ్లమండీ. రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగితే, ఆడవాళ్లు మా మీద బిందెలతో నీళ్లు పోసేవాళ్లు," అందామె.

"నువ్వూ మోశావా?"

"ఒక చివర నేను, రెండో చివర మా అక్క."

"మరి వాన పడేదా?"

"ఒక్క ఏడు పడింది. అదంతా తనవల్లేనని అక్క వారం రోజులు ఒకటే గొప్పలు."

అక్క పోయిందని ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. అప్పట్నుంచి ఆమె అక్క మాటెత్తడం ఇదే మొదలు.

ఇంతలో ఊరేగింపులోని ఒక ముసలావిడ నవ్వుతూ దగ్గరకొచ్చి, చెంబెడు నీళ్లు ఆమె నెత్తిన పోసింది.

"అయ్యో, చీరంతా తడిసింది! కార్‌లో టవల్ ఉంది, పద."

ఆమె కదల్లేదు. తల వంచుకునే అంది:

"మీకు వాళ్ల భాష వచ్చుగా. ఇంకో చెంబు పొయ్యమని అడగండి. అది మా అక్క వంతు."