కోళ్లతో దిగిన నర్సమ్మ

ఫిజీలోని ఆ చిన్న దీవిలో, నెలలు నిండుతున్న భార్య గుమ్మంలో కూర్చుని చాప అల్లుతుంటే, అతను రేవు నుంచి పరుగెత్తుకొచ్చాడు.

“ఇక నువ్వు కాన్పుకి పడవెక్కి పట్నం పోనక్కర్లేదే. పురుళ్లు పోసే నర్సమ్మ దిగింది. ఇక్కడే ఉంటుందట.”

“పోయినసారి వచ్చినావిడా అలాగే అంది. తర్వాతి పడవకే వెళ్లిపోయింది.”

“ఈవిడ పెట్టెతో పాటు కోళ్లను కూడా తెచ్చుకుంది.”

ఆమె చేతిలో అల్లిక ఆగింది.

“కోళ్లా? అయితే ఉండేలాగే ఉంది. మా అక్క నడిసముద్రంలో కన్నది గుర్తుందిగా. రోజూ అదే తలుచుకుంటున్నా.”

“నాతో ఒక్కమాట అనలేదేం?”

“అంటే నాకన్నా ముందు నువ్వు ఏడుస్తావని.”

“సరేలే. మన బిడ్డ బొడ్డుతాడు మన నేలలోనే పాతి, పైన కొబ్బరి మొక్క నాటుదాం.”

“నాటాలి మరి. నీది పట్నం ఆసుపత్రిలో పారేశారు. అందుకే ఇంటిపట్టున నిలవవు.”

“ఇప్పుడు పరుగెత్తుకొచ్చింది ఏ ఇంటికే? పొద్దున్నే గొయ్యి తవ్వేస్తా, చూడు.”

ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

“గొయ్యికి తొందరేం లేదయ్యా. రేపు పొద్దున్నే వెళ్లి, ముందు ఆ నర్సమ్మ కోళ్లకు గట్టి గూడు కట్టిరా.”